పరకల బావి

నల్లా విప్పితే ముందు బ్లీచింగు వాసన వస్తుంది, తర్వాత నీళ్లు. ఆ నీళ్లు దోసిట్లో పట్టి ఒట్టేస్తున్నాను: చెప్పబోయేదంతా నిజం. నన్ను నమ్మకపోవడం మా ఊరివాళ్లకు పాత అలవాటు.

ఆత్మకూరు దగ్గరి మా ఊరంతా తాగింది ఒకే దిగుడుబావి. ఎండాకాలం ఇరవై మెట్లు దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుతుంటే, పాచి వాసన వేసే ఆ చల్లదనంలో వేలెడేసి పరకలు గుంపుగా వచ్చి మడమలు గిల్లేవి. ఆ చిన్న చేపలను ఎవరూ పట్టకూడదు. కొత్త కోడలు మొదటి కడవ ముంచేముందు వాటికి గుప్పెడు జొన్నపేలాలు వేయాలి. ఎందుకని అడిగితే అవ్వ, "మా అత్త ఏసింది, నేనేసిన" అనేది. అడుగున మాత్రం ముక్కుకు బంగారు పుల్ల ఉన్న కొర్రమట్ట చేప ఒకటి తిరిగేది, మనిషంత పొడవు. నేను కళ్లారా చూశాను.

మా అక్క యాదమ్మ రెండు నిండు కడవలతో ఆ మెట్లు పరుగున ఎక్కేది.

నందికొండ డ్యాం దగ్గర రాళ్లు పేల్చే పనికి పోయిన చిన్నాయన, ఉగాదికి వస్తూ తువ్వాలలో ఒక డైనమైట్ తూటా చుట్టుకొచ్చాడు. కొర్రమట్ట సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. తూటా బావిలో పేలింది. కొర్రమట్ట తేలలేదు, పరకలన్నీ తెల్లగా తేలాయి. ఊరంతా తట్టలకెత్తుకుని పులుసు పెట్టుకుంది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

"కావలోళ్లను వండుకున్నరు గదరా" అంది అవ్వ.

"చేపలు కావలి కాస్తయా అవ్వా? జర తిను" అన్నాడు చిన్నాయన.

అంతకుముందు ఏడాదికి ఒకరిద్దరికి వచ్చే నారిపురుగు, మరుసటి ఎండాకాలం ఇంటింటికీ వచ్చింది. కాలి మీద బొబ్బ లేచి పగిలితే, తెల్లదారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగాలి, తెగనివ్వకూడదు. అక్కకు చీలమండలో వచ్చింది. పదకొండో రోజు తెగింది. కాలు వాచి, చీము పట్టి, చీలమండ బిగుసుకుపోయింది.

దవాఖాన నుంచి జీపులో వచ్చినాయన బావిలోకి తొంగిచూశాడు. "చేపల్లేవా గీ బావిల? నారిపురుగు పిల్లలను మోసే సన్న పురుగులు నీళ్లల్ల ఉంటయ్. చేపలుంటే వాటిని తినేవి."

చిన్నాయన తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. చచ్చేదాకా చేప ముట్టలేదు.

ఇప్పుడు బావి లేదు, పూడ్చి షాపులు కట్టారు. నారిపురుగూ లేదు. అక్క కుంటుకుంటూ మా ఇంటికొచ్చినప్పుడల్లా నల్లా నీళ్లు ఒక గుక్క తాగి, "మందు కంపురా తమ్మీ" అని గ్లాసు పక్కన పెడుతుంది.

ఒట్టు వేశాను కాబట్టి చెప్పాలి. కొర్రమట్ట లేదు. ఇందులో నేను కల్పించింది అదొక్కటే. కల్పించింది ఈ రోజు కాదు, ఆ ఉగాది నాడు, చిన్నాయన ముందు. "ఒట్టేనారా?" అని అడిగితే, ఒట్టేశాను.

అక్కకు ఇంకా చెప్పలేదు.