నేను వద్దన్న బడ్తి

బాగేపల్లిలో నేను పనిచేసిన సర్కారు ఆఫీసు మేడమీద ఉండేది. ఇరవై ఒక్క మెట్లు. ఏ శాఖో చెప్పను. చెబితే ఆ ఒక్క శాఖే చెడ్డదనుకుంటారు, మిగిలినవాళ్లు తప్పించుకుంటారు.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా కాళ్లు రెండూ సన్నబడిపోయాయి. నేల చదునుగా ఉంటే చంకకర్రలతో ఎంత దూరమైనా నడుస్తాను. మెట్ల దగ్గర మాత్రం ఒకటే దారి. వాటికి వీపు పెట్టి కూర్చుని, చేతులు ఊని ఒళ్లు పైకి లేపుకుంటూ, ఒక్కొక్క మెట్టే వెనక్కి ఎక్కాలి. అది ఎవరి కంటా పడకూడదని గూళూరు వైపు నుంచి వచ్చే మొదటి బస్సు పట్టుకునేదాన్ని. అందరూ వచ్చేసరికి చీర దుమ్ము దులుపుకుని ఫైలు ముందేసుకుని కూర్చునేదాన్ని. మరుగుదొడ్డి కింద ఉండేది కాబట్టి సాయంత్రం దాకా నీళ్లు తాగేదాన్ని కాదు. ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోయేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

మాది కర్ణాటక సరిహద్దు, ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఒకసారి పైనుంచి ఒక సుత్తోలె, అంటే సర్క్యులర్, వచ్చింది. మాలాంటివాళ్లను ఇకమీద అంగవికలులు అనకూడదట, గౌరవంగా వికలచేతనులు అనాలట. మా జవాను దాన్ని నోటీసు బోర్డుకు అంటిస్తూ గట్టిగా చదివాడు. చదివి, వెనక్కి తిరిగి అడిగాడు.

"చేతన అంటే ఏమి సార్? చేతగానోళ్లనా?"

ఆఫీసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఈవిడకు కోపమెక్కువ అంటారని నవ్వాను. ఆ రోజు నుంచి నా ఉద్యోగం 'చేతగానోళ్ల కోటా' అయింది. నన్ను ఏడిపించాలని కాదు, పాపం, వాళ్లకు అది నోటికి సులువుగా తిరిగింది, అంతే. ఆఫీసులో సగం ఫైళ్లకు కన్నడంలో టిప్పణి, అంటే ఆఫీసు నోటు, రాసిపెట్టేది నేను. వాళ్లు సంతకాలు చేసేవాళ్లు. అయినా చేతగానిదాన్ని నేనే.

మా తాలూకాలు కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్లాపురం జిల్లాలోకి వచ్చిన కొత్తలో, ప్రతి ఆఫీసుకూ ర్యాంపు కట్టాలని ఆర్డరు వచ్చింది. మాకూ కట్టారు. వీధి నుంచి కింది వసారాకు ఉన్న రెండు మెట్ల మీద సిమెంటు పోసి, పక్కన చక్రాల కుర్చీ బొమ్మ వేశారు. మరుసటి రోజు నుంచి మావాళ్లు స్కూటర్లు దానిమీదుగా ఎక్కించి వసారా నీడలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. వాటి మధ్య నా కర్రలు పెట్టడానికి చోటుండేది కాదు.

పెద్దసారు దగ్గరికి వెళ్లి అడిగాను. "ర్యాంపు కింద ఉండాది సార్, నా టేబులు పైన ఉండాది. నా టేబులు కిందికి దింపిస్తే బాగుంటాది."

"ర్యాంపు కట్టమని ఆర్డరు వచ్చినాది, కట్టినాము. టేబులు దింపమని యాడుందమ్మా?" అన్నాడాయన. ఆర్డరు కాగితం తీసి చూపించాడు కూడా.

ఆ మరుసటి ఏడాదే నాకు బడ్తి వచ్చింది. ప్రమోషన్ అనే మాట మాకెవరికీ నోరు తిరగదు, బడ్తి అనే అంటాం. శాఖ పరీక్షలన్నీ మొదటిసారికే పాసయ్యాను, సీనియారిటీలో నా వంతు వచ్చింది, చింతామణి ఆఫీసులో పోస్టు ఖాళీగా ఉంది. పదేళ్లుగా నేను కోరుకున్నది అదొక్కటే. నా సంతకంతో ఒక ఫైలు కదలాలి.

చేరడానికి ఆర్డరు పట్టుకుని చింతామణికి వెళ్లాను. అక్కడి ఆఫీసు రెండో అంతస్తు. సూపరింటెండెంటు నాకోసం తానే దిగి వచ్చాడు. మెట్ల పక్కన కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మంచివాడు. అందుకే ఆయనను తిట్టడం కూడా కుదరదు.

"నీకేల ఇంత కష్టమమ్మా? బాగేపల్లిలో అందరూ నిన్ను బాగా చూసుకుంటాండారు గదా," అని ఒక కాగితం ఇచ్చాడు. కన్నడంలో శుభ్రంగా టైపు చేసి ఉంది. వికలచేతనురాలినైన నేను, నా సొంత ఇష్టంతో, ఈ బడ్తి వద్దనుకుంటున్నాను.

"కిందనే ఒక టేబులు వేస్తే చేస్తాను సార్," అన్నాను.

"సెక్షనంతా పైన ఉండాదమ్మా. ఒక్కరికోసం ఎట్ల దించేది?"

మెట్ల వైపు చూశాను. ఆఫీసు పనుల మీద వచ్చిన జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, నావైపే చూస్తున్నారు. ఎవరూ లేకపోతే ఎక్కేసేదాన్ని, దేవుడి మీద ఒట్టు. కానీ అంతమంది ముందు వీపు తిప్పి నేలమీద కూర్చోవాలి. చేతగానిదనే మాట ఇక్కడ కూడా మొదటి రోజే మొదలవుతుంది. కలం అడిగి సంతకం పెట్టేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. దానికే ఇవాళ్టికీ నామీద నాకు అసహ్యం.

ఏడాది తర్వాత ఒక ఫైలు ఇవ్వడానికి మళ్లీ చింతామణికి వెళ్లాల్సి వచ్చింది. పైకి కబురు పంపిద్దామని అక్కడి జవానును పిలిచాను.

"పైకేలమ్మా? సెక్షనంతా కిందికొచ్చేసె," అన్నాడు. "మా పెద్దసారుకు మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పె. ఒక ఆదివారం అందరం కలిసి దించేస్తిమి. పొద్దున మొదలుపెడితే మధ్యాన్నం అన్నం తినేలోపల అంతా అయిపాయ."

గడప కూడా లేదు. కర్రలతో నేరుగా లోపలికి నడిచాను. నేను వద్దన్న పోస్టులో చేరిన అబ్బాయి తలుపు పక్కనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, తన కుర్చీ నాకు వేశాడు.

"కూర్చోండి మేడమ్. ఫైలు అందినట్టు సీలు వేసి తెస్తాను, ఐదు నిమిషాలు."

కూర్చున్నాను. టేబులు మీద సగం రాసిన టిప్పణి ఉంది. మొదటి వాక్యంలోనే తప్పుంది. కలం కూడా అక్కడే ఉంది. నేను ముట్టుకోలేదు. అతను సీలు వేసిన కాగితం తెచ్చి ఇచ్చాడు, నేను లేచి అతని కుర్చీ అతనికి ఇచ్చేశాను.