తమ్ముడికి నేర్పిన జవాబులు

పరిశోధన కాగితాల్లో మా తమ్ముడి మొదటి జవాబులన్నీ అడ్డంగా కొట్టేసి ఉంటాయి. ఎందుకు కొట్టేశారో రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. కారణం నేనే కాబట్టి నేనే రాసిపెడుతున్నాను.

నేను పదో తరగతితో ఆపేసి, మిగతా చదువు అనంతపురం గ్రంథాలయంలో చదువుకున్నాను. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు కుర్చీలన్నీ పట్టేసేవారు. మనస్తత్వ శాస్త్రం బీరువా పక్కన మాత్రం ఫ్యాను లేదు, అక్కడ కుర్చీ ఎప్పుడూ ఖాళీ. అలా మా గార్లదిన్నె చుట్టుపక్కల మెదడు గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియకుండా పోయింది.

తమ్ముడు రెండేళ్లుగా వేరుశనగ చేలో పని మధ్యలో ఆపి, కనపడని వాళ్లెవరికో జవాబు చెప్పేవాడు. అప్పుడే ఒక పరిశోధకురాలు, మానసిక వైద్యురాలు, మా ఊరి ఆసుపత్రికి రావడం మొదలుపెట్టారు. ఇంట్లో ఒకరికి ఇలాంటి జబ్బుండి తోడబుట్టినవాళ్లు బాగుంటే, ఇద్దరి మెదడుకూ స్కాన్ తీసి, రక్తంలోని జన్యువులు పోల్చి చూస్తారు. జబ్బున్నవాళ్లకు మందులు ఆమే రాస్తారు. ఏ డాక్టరు దగ్గరికీ రానన్న తమ్ముడు, నన్నూ పరీక్షిస్తారని తెలిసి ఒప్పుకున్నాడు. ఇది తప్పితే వాడికి మందు పడే దారి లేదు.

ఆమె అడిగేలాంటి ప్రశ్నలు నేను పుస్తకంలో చూసి ఉన్నాను. పరీక్ష అన్నాక ఫెయిలైతే తీసుకోరనుకుని, వారం రోజులు కూర్చోబెట్టి సరైన జవాబులు నేర్పాను.

ఆమె అడిగిన రోజు తమ్ముడు తడుముకోకుండా చెప్పాడు. ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తాయా అంటే లేదన్నాడు. నన్ను అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. ఊళ్లో జనం నా గురించి మాట్లాడుకుంటారు. ఇతరులకు తెలియని విషయాలు నాకు తెలుసు. ఆమె చాలాసేపు రాసుకుని తమ్ముడి వైపు తిరిగారు. ఆమెది మడకశిర, మా మాటే మాట్లాడతారు.

"మీ అన్న ఎప్పటినుంచి ఇట్లుండాడు?"

"నాకు తెలిసినప్పట్నుంచీ ఇంతే మేడమ్."

నాకు మందులు రాసినా ఫర్వాలేదు. కానీ వాడికి ఏ జబ్బూ లేదని ఇంటికి పంపేసేటట్టున్నారు. అప్పుడు ఒప్పుకున్నాను, జవాబులన్నీ నేనే నేర్పానని. ఆమె కోప్పడలేదు. రాసినవి కొట్టేసి, నన్ను నోరు మూసుకుని కూర్చోమన్నారు.

"ఏమప్పా, మీ అన్న చెప్పింది గాదు, నీకు వినపడేది చెప్పు."

తమ్ముడు నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

"మా నాయన పిలుస్తాంటాడు మేడమ్. సచ్చిపోయి మూడేండ్లాయ."

"ఏమంటాడు?"

"బాయిలోకి దిగి నీళ్లు ఊరినాయేమో సూడు అంటాడు. అది ఎండిన బాయి. రెండుసార్లు గట్టు దాకా పోయినా."

గొంతుల గురించిన ఆ ప్రశ్నకు నేను లేదనమని నేర్పి ఉన్నాను.

ఆ రోజే మాత్రలు మొదలయ్యాయి. తర్వాత ఇద్దరం స్కాన్‌కు పోయాం. ఆ బొమ్మల్లో నాయన గొంతు ఎక్కడుందో చూపించమన్నాను. ఒక్కరి బొమ్మలో కనపడదని, వందలమందివి పక్కపక్కన పెడితే ఏమైనా తెలియవచ్చని, తెలియకపోవచ్చు కూడా అని ఆమె చెప్పారు. నేను చదివిన పుస్తకాల్లో ఎవరూ తమకు ఇంత తక్కువ తెలుసని రాయలేదు.

ఇప్పుడు గొంతు దూరం నుంచి వినిపిస్తుందంటాడు తమ్ముడు. పేర్లు రాయొద్దన్నాడు. కాబట్టి పేర్లు లేకుండానే కృతజ్ఞతలు: మళ్లీ అడిగిన మేడమ్‌కు, బావి చుట్టూ ముళ్లకంప వేయించిన అమ్మకు, మాత్రలు మింగేదాకా గడప దగ్గర నిలబడే ఆశా కార్యకర్తకు. తమ్ముడికి కూడా. వాడి ఎదురుగా ఇంకా చెప్పలేదు.