పడవ కోసం పది మంది

రండి, దగ్గరగా జరిగి ఈ చాప మీద కూర్చోండి. చెవి కాస్త ఇటు పెట్టండి. మా ఆయన ఎన్నికల్లో నిలబడ్డ సంగతి ఒకటి చెప్పాలి.

నిలబడింది ఒక్కసారి కాదు లెండి. వార్డు మెంబరు దగ్గర్నుంచి ఎమ్మెల్యే దాకా ఏ ఎన్నిక వచ్చినా, ఏ జెండా లేకుండా ఒంటరిగా నిలబడేవారు. అన్నిసార్లూ ఓడిపోయారు. మా కొల్లేటి లంకలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. వల పని లేనప్పుడు ఆయన సైకిళ్లు బాగుచేసేవారు, ఆ పని మీద వచ్చినవాళ్లు కూడా, "కేండిడేటు గారూ, వెనక టైరు కాస్త చూడండి" అనేవారు.

నేను తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు పక్కన పెరిగినదాన్ని. చదువు రెండో తరగతితో సరి. సంతకం పెట్టడం పెళ్లయ్యాక ఆయనే నేర్పారు, ఆయన నామినేషను కాగితం మీద పెట్టడానికి. కొత్తలో ఓసారి అడిగాను.

"గెలవరని తెలిసీ ఎందుకండీ ఈ తిరుగుడు?"

"మామూలుగా వెళ్తే అర్జీ గుమ్మం దగ్గరే బంట్రోతు లాక్కుంటాడే. నామినేషను వేస్తే ఆఫీసరు కుర్చీ చూపిస్తాడు. కుర్చీలో కూర్చుని చెప్పిందే వాళ్ల చెవికెక్కుద్ది."

ఇది రెండువేల తొమ్మిది నాటి మాట. అప్పటికి మాకు దారిగా ఉన్న చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేయడంతో మా లంకకు నడక దారి పోయింది. ఓట్లేసే బడి కాలువ అవతల ఉంది. కాలువలో నడుం లోతు నీళ్లు, కింద మోకాలి లోతు బురద. దారి పోయాక వచ్చిన మొదటి ఎన్నికప్పుడు మా అత్తగారు చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, ప్రార్థన చేసుకుని, కాలువ దాకా వచ్చారు. ఉన్న రెండు పడవలూ పార్టీలవాళ్లు తమ మనుషుల కోసం పెట్టుకున్నారు. ఎండలో చాలాసేపు నిలబడి ఇంటికి వచ్చేశారు.

"నా కొడుక్కి నా ఓటు ఇంకొక్కసారైనా పడకుండానే పోతానేమోనే అమ్మాయీ" అన్నారు నాతో. ఆయనతో మాత్రం అనలేదు. ఆయన విన్నారు.

అందుకే ఈసారి అర్జీలో ఒకటే ముక్క రాసుకున్నారు. ఓట్ల రోజు మా లంకకు సర్కారు పడవ కావాలి. ఆ అర్జీ ఆఫీసరు చేతిలో పడాలంటే ముందు ఈయన కేండిడేటు కావాలి.

ఏ పార్టీ లేనివాళ్లను పది మంది ఓటర్లు బలపరచాలండి. చదువొచ్చినవాళ్లు ఇంట్లోనే సంతకం పెట్టేయొచ్చు. రానివాళ్లు మాత్రం ఆఫీసరు ఎదుటే వేలిముద్ర వేయాలి. నాతో కలిపి ఆరు సంతకాలు అయ్యాయి. ఇంకా నాలుగు వేళ్లు కావాలి. నామినేషన్ల ఆఖరి రోజున నలుగురు పెద్దవాళ్లను పడవెక్కించి, ఆటో ఎక్కించి ఏలూరు తీసుకెళ్లాం. నలుగురూ పెళ్లికి వచ్చినట్టు తయారయ్యారు. వాళ్లలో ఒక మామయ్యయితే మీసానికి నూనె కూడా రాశాడు.

గేటు పక్కన బల్ల వేసుకున్న గుమాస్తా ఓటర్ల జాబితా చూసి, ఆ నూనె మీసం మామయ్య దగ్గర ఆగిపోయాడు.

"ఈయన పేరు మీ నియోజకవర్గంలో లేదండి."

"అదేంటండీ! రోజూ మా వల పక్కనే వల వేస్తాడు" అన్నారు మా ఆయన.

"ఈయనుండే లంక వేరే నియోజకవర్గంలోకి వస్తుందండి."

మామయ్య లంక మాకు పడవలో రెండు గడకర్రల దూరం. కేక వేస్తే వినపడుతుంది. నీళ్ల మీద ఎవరో గీత గీశారని మాకెవరికి తెలుసు? ఇన్నేళ్లు ఎన్నికల్లో నిలబడ్డ మా ఆయనకే తెలియలేదు. మామయ్య తన బొటనవేలు చూసుకుని, "అయితే నేను ఎవరి మనిషినిరా?" అని నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. అప్పటికి రెండు దాటింది. మూడింటికి తలుపు మూసేస్తారు. లంకకు వెళ్లి రావాలంటే సాయంత్రం అవుద్ది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఏలూరు చేపల మార్కెట్టులో మా లంక ఓటరు ఒకరున్నారని. మా అత్తగారి అక్క. రోజూ తట్టతో అక్కడే కూర్చుంటుంది. ఆమె పేరు తలవగానే ఈయన ముఖం మాడిపోయింది.

"పెద్దమ్మా? నా ముఖం చూడదే!"

కారణం ఉంది. పోయిన ఎన్నికల్లో బ్యానరుకు గుడ్డ లేక, ఆవిడ చేపలు ఎండబెట్టుకునే టార్పాలిన్ మీద తన గుర్తు బకెట్టును ఎర్ర రంగుతో వేసేశారు. అడగకుండా.

నేను రిక్షా ఎక్కాను. పెద్దత్తయ్య నన్ను చూడగానే చేప తోమడం ఆపి మొదలుపెట్టింది.

"వచ్చావా? మీ ఆయన ఈసారి నా చీర మీద వేస్తానన్నాడా బకెట్టు? అప్పట్నుంచీ నా ఎండుచేపలు వాడి గుర్తు మీదే పొర్లుతున్నాయి. కొనేవాళ్లు నీ పార్టీ ఏంటమ్మా అని అడుగుతున్నారే!"

"అత్తయ్యా, మీ వేలిముద్ర కావాలండి."

"వెయ్యను. ఓటు కూడా వెయ్యను."

"ఆయనకు ఓటు వెయ్యొద్దండి. ముద్ర పడకపోతే పడవ రాదు. పడవ రాకపోతే మీ చెల్లెలు ఈసారీ కాలువ గట్టునే నిలబడాలి."

ఆవిడ చేతిలో చేప తట్టలో పడేసింది. తట్ట నెత్తికెత్తుకుని, "రిక్షా ఏదే?" అంది.

గేటు దగ్గర కానిస్టేబులు ఆపాడు. "తట్ట బయట పెట్టమ్మా."

"పిల్లి ఎత్తుకెళ్తే నువ్విస్తావా నాయనా? ఇక్కడే నిలబడి చూస్తూండు."

పాపం, అతను అలాగే కాపలా కాశాడు.

జాబితాలో ఆవిడ నంబరేదో గుమాస్తా వెతుకుతుంటే నేను టక్కున చెప్పేశాను. మా ఆయన ఆ జాబితాను రోజూ అన్నం తింటూ పైకి చదివేవారు, వినీ వినీ లంక మొత్తం నాకు కంఠతా వచ్చేసింది. గుమాస్తా పేజీ తిప్పి చూసి, నా ముఖం చూసి, "మీరే నిలబడొచ్చు కదమ్మా" అన్నాడు.

లోపల పెద్దత్తయ్య వేలు నొక్కింది. కాగితం మీద నల్ల మచ్చ పడింది, గీత ఒక్కటీ లేదు. ఆఫీసరు కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఏంటమ్మా, ముద్రలో గీతలే లేవు?"

"నలభై ఏళ్లు బూడిదేసి చేపలు తోమితే ఉంటాయా బాబూ? అవి ఏలూరోళ్ల కూరలోకి వెళ్లిపోయాయి."

గదిలో అందరూ నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, "నా ఎదురుగానే వేసింది కదా, చాలు" అని సంతకం చేశారు. గడియారంలో మూడుకు అయిదు నిమిషాలుంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "కూర్చోండి" అన్నారు.

ఈయన కూర్చున్నారు. జేబులోంచి అర్జీ తీశారు. ఆఫీసరు చివరిదాకా చదివారు.

ఓట్ల రోజు పొద్దున్నే సర్కారు పడవ వచ్చింది, ముందు ఎర్రగుడ్డ కట్టుకుని. మా అత్తగారు అదే తెల్లచీరలో, అక్క చెయ్యి పట్టుకుని ఎక్కారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, ఎన్నడూ కాలువ దాటనివాళ్లు, అందరూ ఎక్కారు. ఓటేసి వచ్చిన అత్తగారు సిరా చుక్క ఉన్న వేలును నిటారుగా పట్టుకునే ఇంటిదాకా వచ్చారు. "ఓటేశానురా" అన్నారు కొడుకుతో. ఈయన ఎవరిదో సైకిలు చక్రం ఉత్తపుణ్యానికి తిప్పుతూ కూర్చున్నారు.

ఓడిపోయారు లెండి, మామూలుగానే. లెక్కింపు అయిన మర్నాడు పెద్దత్తయ్య మా ఇంటికి వచ్చి, మడత పెట్టిన టార్పాలిన్ అరుగు మీద పడేసింది.

"ఆ బకెట్టు వెలిసిపోయింది. మళ్లీ మంచి రంగు వెయ్యమను వాణ్ణి. ఈసారి కాస్త పెద్దది వెయ్యమను."

ఓటు ఎవరికి వేసిందని ఆవిడను మేం అడగలేదు.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పెద్దవాళ్లు ఏ గట్టునా నిలబడిపోకూడదు. మీకు పని పడ్డప్పుడు మీ వెనక పది మంది ఉండాలి, ఒకరు తగ్గితే తట్ట ఎత్తుకుని పరిగెత్తుకొచ్చే మనిషి ఒకరు మీ ఇంట్లోనూ ఉండాలి.