చెత్తబండి పాట

2019 మార్చి 12, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. తైపే శివారులో ఒక సందు చివర, ఖాళీ ఇంటి ముందు సూమే కళ్లు మూసుకుని నిలబడి ఉంది. అద్దె ఇల్లు చూడటానికి ఆమె ఎప్పుడూ చెత్తబండి వచ్చే వేళకే వస్తుంది. ఆ బండి మోగించే పాట దగ్గరగా వినబడితే ఆమె ఏడేళ్ల కొడుకు లిహాన్ తలను గోడకు కొట్టుకుంటాడు. పక్క వాటాలవారి ఫిర్యాదుల మూలంగా ఇప్పటి ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. అతణ్ణి చేర్చుకుంటామన్న ప్రత్యేక తరగతి ఈ పేటలోనే ఉంది. బండి పెద్దవీధి మీదుగానే వెళ్లిపోయింది. పాట ఇక్కడిదాకా రాలేదు. ఆమె కళ్లు తెరిచింది. "ఈ ఇల్లు తీసుకుంటాను," అని ఇళ్లు చూపించే లైతో అంది.

చెత్త పారేసి ఆయాసపడుతూ వస్తున్న ముసలామె ఆ మాట విని ఆగింది. "అదృష్టవంతురాలివమ్మా! ఇన్నేళ్లూ ఆ బండి వెంట పరుగెత్తి నా మోకాళ్లు అరిగిపోయాయి. సందంతా కలిసి పోరాడాం. వచ్చే నెల నుంచి ఇక్కడికే వస్తుంది!"

లై ముఖం వెలిగిపోయింది. "విన్నారా అక్కా! ఈ సౌకర్యం ముందే తెలిస్తే అద్దె పెంచి చెప్పేవాణ్ణి!"

"ఎక్కడ ఆగుతుంది, అత్తా?" అని సూమే అడిగింది.

ముసలామె కరెంటు స్తంభం చూపించింది. సూమే సంచిలోంచి పొడవాటి టేపు తీసింది. దాని కొసను లై చేతికిచ్చి గుమ్మంలో నిలబెట్టి, స్తంభం దాకా కొలిచింది.

పదకొండు మీటర్ల నలభై సెంటీమీటర్లు. ఇప్పటి ఇంటికన్నా దగ్గర.