నాయిన కొలత తప్పలేదు

మా చిన్నప్పుడు ఆ కొరియా కారు కొన్నవాళ్లంతా బుద్ధిలేనివాళ్లేనని నిన్న నేను పెట్టిన మా పాత కారు ఫొటో కింద ఒకాయన కామెంట్ రాశాడు... "కంపెనీ మునిగినంక గూడ అమ్ముకోలేదంటే గది మొండితనం తమ్మీ" అని. అన్నా, ఆ ఫొటోలో బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డది మా నాయిన. అమ్ముదామంటే కొనేవాడు ఉండాలి కదా... అందుకే చెబుతున్నాను.

మా నాయిన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద పనిచేశాడు. కొత్త మిషన్లు వచ్చాయి, మనుషులు ఎక్కువయ్యారని పంపించేశారు. అప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఒక ఆఫీసర్ దగ్గర ఆ కారు కొన్నాడు. సెకండ్ హ్యాండే. అయినా ఇస్నాపూర్‌లో మా గల్లీకి అది వచ్చిన రోజు... పొడుగ్గా, తెల్లగా, మీట నొక్కితే అద్దం దిగేది. మా అమ్మ చెప్పులు బయట విడిచి ఎక్కింది.

ఆ కంపెనీ ఓడలు కూడా కడుతుందట, టీవీలూ వాషింగ్ మిషన్లూ చేస్తుందట. ఓడలు చేసేవాడికి కారు ఒక లెక్కా అనేవాడు నాయిన. ఒక మందుల ఫ్యాక్టరీకి వచ్చే పెద్దసార్లను బేగంపేట విమానాశ్రయం నుంచి తేవడం, దింపడం ఆయన పని. ఇక ఎవరి గేటు ముందూ నిలబడకుండా బతకాలి... ఆ కారుతో ఆయన కోరుకున్నది ఇంతే.

తర్వాత కొరియాలో ఆ కంపెనీ మునిగిందన్నారు. మన దేశంలో ఉన్న ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఒక రోజు సర్వీసింగ్‌కు హైదరాబాద్ వెళితే షోరూం షట్టర్ వేసి ఉంది. అద్దంలోంచి చూస్తే లోపల కుర్చీలు కూడా లేవట...

అప్పటి నుంచి ఆ కార్లవాళ్లకు ఒక అలవాటు మొదలైంది. బొంబాయి రోడ్డు మీద ఎదురుగా అదే కారు వస్తే లైటు కొట్టి ఆగేవాళ్లు. పేరు అడగరు, ఊరు అడగరు. క్లచ్ ప్లేటు ఎక్కడ దొరికింది, హెడ్‌లైటు ఎవరి దగ్గర ఉంది... ఇవే మాటలు. కర్దనూర్‌లో లెక్కలు చెప్పే సారు నాయినకు అలాగే దోస్తయ్యాడు. ఆయనదీ అదే కారు, అదే పరేషాన్.

ఇంజన్‌లో బెల్టును బిగువుగా పట్టే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. మా కారులో ఆ చక్రం తిరిగే పిన్ను బీటవారింది. నాయిన స్పేర్ పార్టులు అమ్మే రాణిగంజ్ అంతా తిరిగాడు. దొరకలేదు. నేనే చేసుకుంటానన్నాడు. ఆయనతో పనిచేసిన యాదగిరి బాబాయి అప్పటికే సొంతంగా లేత్ షాపు పెట్టుకున్నాడు. పాత పిన్ను జేబులో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాడు.

యాదగిరి బాబాయి పిన్నును వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశాడు. "అన్నా, గిది అరిగినట్టున్నది. జెర లావు పెడుదమా?"

"శాంపిల్ ఎట్లున్నదో గట్లనే చెయ్యాలె. మన తెలివి అందుల కలపొద్దు" అన్నాడు నాయిన.

ఇరవై ఏళ్లు ఆయన నేర్చుకున్నది అదే. పైనుంచి శాంపిల్ వస్తుంది, వెంట్రుకంత తేడా లేకుండా దింపాలి. శాంపిల్ తప్పన్నవాడికి మెమో ఇచ్చేవాళ్లు. తనకు ఒక్క మెమో కూడా రాలేదని నాయిన గొప్పగా చెప్పుకునేవాడు. వెంట్రుకంత తేడా కూడా చూపే వెర్నియర్ స్కేలు పెట్టి నాలుగుసార్లు కొలిచాడు, తనే మిషన్ మీద నిలబడి చేశాడు. కొత్త పిన్ను తళతళ మెరిసింది...

రెండు నెలలు బాగానే నడిచింది. ఒక రోజు పొద్దున పెద్దసారును విమానానికి తీసుకెళ్తుంటే బీరంగూడ దగ్గర బెల్టు తెగింది. ఇంజన్ లోపల అన్నీ ఒకదానికొకటి కొట్టుకుని విరిగిపోయాయి. సారుకు విమానం దొరకలేదు. మధ్యాహ్నం ట్రాక్టరుకు తాడు కట్టి కారును మా గల్లీలోకి లాక్కొచ్చారు. నాయిన స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. ఎవరి వైపూ చూడలేదు.

మర్నాడు మందుల ఫ్యాక్టరీవాళ్లు ఇక రావద్దని కబురు పంపారు. నాయిన ఆ పిన్ను విప్పి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. కొలత కరెక్టే ఉందని అమ్మతో అన్నాడు.

వారం తర్వాత కర్దనూర్ సారు వచ్చాడు. ఆయన కారును పాత ఇనుముకు ఇచ్చేస్తున్నాడట. ఇంటికీ బడికీ తప్ప పెద్దగా తిరగని బండి అది. దాని పిన్ను విప్పి, పేపర్లో చుట్టి మాకోసం తెచ్చాడు. నాయిన వెర్నియర్ పెట్టి చూశాడు. మా దానికన్నా వెంట్రుక మందం లావుంది. సన్నటి పిన్ను మీద చక్రం ఊగి ఊగి బెల్టు అంచును తినేసిందని అప్పుడు అర్థమైంది.

"అరుగుడుతోటి సహా దించిన సార్" అన్నాడు నాయిన.

"నీ కాడ ఉన్నది గదొక్కటే గద నర్సింలూ. ఇంక దేన్ని సూసి చేస్తవ్?"

"యాదగిరి చెప్పిండు సార్. నేనే ఇనలే."

కారు రెండేళ్లు మా గల్లీలోనే ఉంది. అమ్మ దాని బానెట్ మీద మిరపకాయలు ఎండబోసేది. కారు ఆగిన ఏడే నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. నాయిన కొట్టలేదు, తిట్టలేదు... తిట్టి ఉంటే వెళ్లేవాణ్ణేమో.

ఆయన కాంట్రాక్టర్ కింద కూలికి చేరాడు. పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో నిలబడాలి. పేరు పిలిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. పిలిచేవాడు ఒకప్పుడు నాయిన దగ్గర పని నేర్చుకున్నవాడే. మొదట్లో అన్నా అనేవాడు, తర్వాత పేరు మాత్రమే. ఒక రోజు నాయిన మరచిపోయిన టిఫిన్ డబ్బా ఇద్దామని వెళ్లాను. ఆ రోజు ఆయన పేరు పిలవలేదు. మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. ఆయన మాత్రం గేటు మూసేదాకా అక్కడే నిలబడ్డాడు. నన్ను చూసి, "ఇయ్యాల పని తక్కువున్నదట" అన్నాడు. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని ఆ డబ్బా తిన్నాం...

ఇప్పుడు ఏ పార్టు కావాలన్నా ఫోన్‌లో నొక్కితే ఇంటికొస్తుంది. మంచిదే. ఒక బండిని బతికించుకోవడానికి మనిషి తన చేతి పనినంతా పెట్టే రోజులు పోయాయి... మీ ఇంటి ముందు కూడా అలా ఆగిపోయిన బండి ఉండేదా? ఉంటే రాయండి. దాన్ని నడిపిన మనిషి తర్వాత ఏం పని చేశాడో అది కూడా...

మా ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు వచ్చింది. గేటు ఎనిమిదికే మూస్తారు. పోవాలి.