కూడిక గుర్తు మీద గుణకారం

పన్నెండు గంటలకు కరెంటు తీసేస్తామని రేడియో పొద్దున్నే హెచ్చరించింది, అన్నట్టే తీసేశారు. అప్పటికి ఆల్డిత్ క్వాషీ ఇంటి ఎనిమిది కిటికీలలో ఏడింటికి ప్లైవుడ్ పలకలు బిగిసి ఉన్నాయి. ఎనిమిదవది సముద్రం వైపు ఉన్న పెద్ద కిటికీ. తుఫాను వచ్చేది ఆ వైపు నుంచే.

దాన్ని ఆఖరున ఉంచడం ఆమె ఏమరుపాటు కాదు. ఆ పలకను ఎత్తి పట్టడానికి ఇద్దరు కావాలి. రెండో మనిషి, పక్కింటి సెప్టిమస్, తన పడవను మడచెట్ల మధ్యకు నడిపి నాలుగు వైపులా తాళ్లు కట్టి వచ్చేసరికి ఇంత పొద్దయింది. అతనికి డెబ్బై ఏళ్లు, ఒక మోకాలు వంగదు. అయినా కరీబియన్ సముద్రంలోని ఈ కారియాకూ దీవిలో పడవ గలవాడు ముందు పడవను చూసుకుని, తరువాతే మనుషులను చూస్తాడు.

ఆరేళ్ల కిందటి తుఫానులో ఈ కిటికీయే మొదట పోయింది. లోపలికి దూరిన గాలి పైకప్పును డబ్బా మూత ఊడదీసినట్టు ఊడదీసి, మూడిళ్ల అవతల మేకల దొడ్డిలో పడేసింది. ఆ తరువాత రెండేళ్లు ఆమె నీలం టార్పాలిన్ కింద కాలం గడిపింది. మగదిక్కున్న ఇళ్లన్నీ అయ్యాక వస్తానన్న వడ్రంగి రానేలేదు. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన చేయి అప్పుడే మొదటిసారి స్క్రూ తిప్పింది. ఇప్పుడున్న కప్పు ఆమె తన చేత్తో బిగించుకున్నది. ఈ కిటికీ మూసుకోకపోతే అది మళ్లీ పోతుంది. మళ్లీ కట్టుకునే సత్తువ యాభై ఎనిమిదేళ్ల ఒంట్లో ఉంటుందో ఉండదో ఆమెకే తెలియదు.

పనిముట్ల విషయంలో ఆమె ఒకరి మాట మీద నడిచే మనిషి కాదు. స్క్రూలు బిగించే మిషన్ కొనడానికి ఓడ ఎక్కి పెద్ద దీవికి వెళ్లినప్పుడు, దుకాణంలో ఉన్న రెండు రకాలనూ ఒక్కొక్కటిగా తల పైకెత్తి, ముప్పై లెక్కపెట్టేదాకా దింపలేదు.

"మిస్, అది డ్రిల్లు. పూజలో ఫాదరు ఎత్తే పాత్ర కాదు" అన్నాడు కొట్టువాడు.

"నా కిటికీలు నడుము దగ్గర లేవు నాయనా, తల మీదున్నాయి."

బరువైన డ్రిల్లు, స్క్రూ గట్టిపడగానే, ఆమె మణికట్టును మెలిపెట్టింది. పొట్టిగా ఉన్న రెండోది టకటకా దెబ్బలు వేస్తూ స్క్రూను తిప్పింది గాని చేతిని తిప్పలేదు. ఆమె పొట్టిదాన్నే తెచ్చుకుంది. ఆ దెబ్బలకు, మిషన్ మూతికి తగిలించి స్క్రూ తలలో ఆనించే బిట్లలో బిరుసువి పుటుక్కున విరుగుతాయనీ, నడుము సన్నగా ఉండి కాస్త మెలితిరిగేవే నిలుస్తాయనీ నాలుగు విరగ్గొట్టాక నేర్చుకుంది.

బిట్లూ స్క్రూలూ మాత్రం పీపాలలో వచ్చేవి. ఏటా క్రిస్మస్‌కు ముందు బ్రూక్లిన్‌లోని తమ్ముడు ఒక పీపా, ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్‌లో ఉన్న మేనత్త కూతురు ఒక పీపా పంపేవారు. బియ్యం, సబ్బులు, చెప్పుల నడుమ ఇనుప సామాను. కిందటి నెల ఇల్లు సర్దుతూ, రెండు చోట్ల నుంచి వచ్చిన స్క్రూలనూ ఆమె ఒకే పాలడబ్బాలో పోసింది. ముందు హడర్స్‌ఫీల్డువి, వాటి మీద బ్రూక్లిన్‌వి. రెండూ మూడంగుళాలవే. రెండింటి తల మీదా కూడిక గుర్తే.

సెప్టిమస్ పలకను భుజంతో నెట్టి పట్టుకున్నాడు. "కానీ పిల్లా. ఈ ఇంటికంటే ముందు నా మోకాలు కూలేట్టుంది."

"అది పదేళ్లుగా కూలుతూనే ఉంది కజిన్ సెప్టీ. కాస్త ఎడమకు జరగండి." చుట్టరికం ఉన్నా లేకపోయినా అక్కడ పెద్దవాళ్లందరూ కజిన్లే.

ఆల్డిత్ పీట మీద నిలబడి, డబ్బా అడుగున మిగిలిన స్క్రూలలో ఒకటి తీసి, పై మూలన ఆనించి మీట నొక్కింది. సగం దిగాక బిట్టు జారి గరగరలాడింది. మళ్లీ ఆనించింది, మళ్లీ జారింది. రెండో మూలన పెట్టిన స్క్రూ కూడా సగంలోనే మొరాయించింది. వెండిలా మెరిసే రజను ఆమె ముంజేతి మీద రాలింది. బిట్టు అరిగిందేమోనని కొత్తది మార్చింది. కొత్తదీ జారింది. మిషన్ మీద బ్యాటరీ ఎంతుందో చూపే మూడు దీపాలలో ఒక్కటే వెలుగుతోంది.

"ఇటియ్యి" అన్నాడు సెప్టిమస్. "ఆనిస్తున్నావా, ముద్దు పెడుతున్నావా? ఒంటి బరువంతా వెయ్యాలి."

పలకను ఆమెకు అప్పగించి, మిషన్ అందుకుని, అతను బరువంతా వేశాడు. స్క్రూ తల మీది గుర్తు చెరిగిపోయి నున్నటి గుంట మిగిలింది.

"బాగా వేశారు. ఇక అందులో ఉప్పు పోసుకోవచ్చు."

"నీ బిట్టే మంచిది కాదు."

"ఏడు కిటికీలు దీంతోనే బిగించాను."

"అయితే ఏంటి? ఏ కూడికైనా కూడికే. మా నాన్న కాలంలో తలకి ఒక్క గీతే ఉండేది. ఈ రభస లేదు."

అంతలో గాలి విసురుకు పలక అడుగుభాగం జానెడు పైకి లేచి, కిటికీ చట్రాన్ని ఠపీమని కొట్టింది. ఇద్దరూ ఒకేసారి దాని మీద పడ్డారు. ఇంతవరకు గాలి ఊరికే వీచింది. ఇప్పుడు ఇంట్లోకి దారి వెతుకుతున్నట్టుంది.

ఆల్డిత్ డబ్బాలోంచి మరో స్క్రూ తీసి కంటికి దగ్గరగా పెట్టుకుంది. వెలుతురు చాలలేదు. గోటితో తడిమింది. కూడిక గుర్తు నాలుగు చేతుల నడుమ, మూలల్లో, వెంట్రుక మందాన మరో నాలుగు గీతలు గోటికి తగిలాయి. కూడిక మీద గుణకారం గీసినట్టు. పక్క కిటికీకి బిగించిన బ్రూక్లిన్ స్క్రూను తడిమింది. దాని మీద ఆ గీతలు లేవు.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. హడర్స్‌ఫీల్డు స్క్రూలతో పాటు టేపుతో అంటించిన నల్ల బిట్టు ఒకటి వచ్చింది. ‘వీటికి ఇదే వాడు’ అని చీటీ కూడా ఉంది. అలాంటివి తన దగ్గర డజను ఉన్నాయనుకుని, మేనత్త కూతురు తనకే పని నేర్పుతోందని నవ్వుకుని, ఆ బిట్టును అడిగిన మనిషికి ఇచ్చేసింది.

"కజిన్ సెప్టీ, కిందటి నెల మీకో నల్ల బిట్టు ఇచ్చాను. ఎక్కడుంది?"

సెప్టిమస్ సముద్రం వైపు చూశాడు. "ఉంది."

"ఎక్కడ?"

"గాలానికి."

"గాలానికా?"

"దాని మెడ చుట్టూ గాడి ఉంది కదా. దారం కట్టడానికే చేసినట్టుంది. సీసం గుండుకు బదులు కట్టాను. ఎర్రచేపలు బాగా పడుతున్నాయి."

అతన్ని తిట్టి లాభం లేదు. చీటీ చదివి కూడా ఇచ్చింది తానే. "తీసుకురండి. పలక నేను పడతాను."

"ఒక్కదానివే?"

"మీరు తిరిగొచ్చేదాకా ఒక్కదాన్నే. అందుకని త్వరగా రండి."

అతను మెట్లు దిగి, కుంటుతూ తన పడవల కొట్టం వైపు వెళ్లాడు. నలభై అడుగుల దూరం కూడా లేదు. ఆల్డిత్ పీట దిగి, పలకకు వీపు ఆనించి, మడమలు వరండా చెక్కల సందున తన్నిపెట్టింది. సగం దిగిన రెండు స్క్రూలూ ఆమె తలకు పైన కీచుమంటున్నాయి. ఆమె లెక్కపెట్టసాగింది. ముప్పై అయ్యాయి. కొట్టం తలుపు తెరుచుకోలేదు. అరవై దగ్గర ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ వాకిట్లోంచి దొర్లుకుంటూ పోయింది. ఎనభై దగ్గర గాలి పలక వెనక్కి చొరబడి ఆమెను అడుగు ముందుకు తోసింది. ఎడమవైపు స్క్రూ ఊడి చెక్కల మీద టంగుమని పడింది. ఆమె వెనక్కి తిరిగి రెండు అరచేతులతో, నుదుటితో పలకను అదిమిపట్టింది. పైన కప్పు రేకులు ఒకసారి మూలిగినట్టయింది. ఆ మూలుగు ఆమెకు తెలుసు. లెక్క మరిచిపోయింది.

"ఇదిగో" అన్నాడు సెప్టిమస్, రొప్పుతూ. గాలం, కొక్కెం, ఇరవై బారల దారం, అన్నీ కలిపి చేతికి చుట్టుకుని వచ్చాడు. ముడి విప్పే ఓపిక ఎవరికీ లేదు. అతను దారాన్ని పళ్లతో కొరికేసి, మళ్లీ పలకకు భుజం ఇచ్చాడు. బిట్టు తుప్పుతో ఎర్రబడి ఉంది గాని మొనలో సన్నగీతలు ఇంకా వాడిగానే ఉన్నాయి. ఆమె దాన్ని గౌను అంచుతో తుడిచి, మిషన్‌లో పెట్టి, పీటెక్కి, కొత్త స్క్రూ ఆనించింది.

అది తాళంలో తాళంచెవిలా కూర్చుంది. మూడంగుళాలూ ఒక్క ఊపులో దిగింది. రెండోది దిగింది. మూడోది, నాలుగోది. ఐదోది సగంలో ఉండగా ఆ ఒక్క దీపమూ ఆరిపోయింది.

"చచ్చింది" అన్నాడు సెప్టిమస్.

"మిషనే కదా చచ్చింది, మీరూ నేనూ ఉన్నాం." ఆమె బిట్టును మిషన్‌లోంచి లాగి, జేబులోని, చేత్తో తిప్పే స్క్రూడ్రైవరు పిడికి తగిలించింది. ఐదోదాన్ని ఆమె తిప్పింది. అరచేయి బొబ్బెక్కి చిట్లింది. బిట్టు మాత్రం ఒక్కసారి కూడా జారలేదు. కింది మూలన ఆరోదాన్ని ఇద్దరూ వంతులు వేసుకుని బిగించారు.

వెనక గుమ్మంలోంచి లోపలికి చేరి గడియ వేసేసరికి అసలు గాలి అందుకుంది. సెప్టిమస్ తన ఇంటికి వెళ్లే వేళ దాటిపోయింది. చెవులు దిబ్బడ వేశాయి. పలక మీద ఎవరో పిడికిళ్లతో బాదుతున్నట్టే ఉంది. మూడు గంటలపాటు ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఆల్డిత్ కప్పు వంక చూడలేదు. చూస్తే పోతుందేమోనన్నట్టు, లాంతరు దగ్గర కూర్చుని, ఇంట్లో ఉన్న స్క్రూలన్నీ బల్ల మీద కుమ్మరించి రెండు డబ్బాలు పెట్టింది. ఒక్కొక్క తలనూ గోటితో తడిమి, ఒక డబ్బాలోనో రెండో డబ్బాలోనో వేసింది. కొంతసేపు చూసి, సెప్టిమస్ కూడా తన మొద్దుబారిన గోటితో మొదలుపెట్టాడు. అతను తప్పు డబ్బాలో వేసిన ప్రతిదాన్నీ ఆమె తీసి సరైనదాంట్లో వేసింది.

ఐదింటికి గాలి దక్షిణానికి తిరిగి, మెల్లగా నీరసించింది. ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. ఆల్డిత్ అప్పుడు తలెత్తింది. ఒక్కొక్క రేకునూ లెక్కపెట్టింది. పద్దెనిమిది ఉండాలి; పద్దెనిమిదీ ఉన్నాయి. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది.

సెప్టిమస్ చేయి చాచాడు. "పిల్లా, ఇక నా గుండు నాకిచ్చేస్తావా?"

ఆల్డిత్ జేబులోంచి, మధ్యాహ్నం జారిన పాత బిట్టు తీసి అతని చేతిలో పెట్టింది. "దీనికీ మెడ దగ్గర గాడి ఉంది చూడండి."

"ఇది అది కాదే."

"ఏ కూడికైనా కూడికే అన్నారుగా కజిన్ సెప్టీ. చేపకు తేడా తెలియదులెండి."