నలభై ఒకటో పేజీలోని మడుగు

మా జిల్లా నదుల మీద, చెరువుల మీద మరాఠీలో ఒక గైడు పుస్తకం వచ్చింది. పడవ ఎక్కడ దించాలి, గాలం ఎక్కడ వేయాలి, ఏ నెలలో ఏ చేప పడుతుంది, అన్నీ రాశారు. చంద్రపూర్‌లో పుస్తకాల దుకాణం అద్దం వెనక నిలబెట్టి ఉంచారు. అందులో వార్ధా నది గురించిన పేజీలన్నీ నేను చెప్పినవే. నా పేరు మాత్రం లేదు. చివర్లో ‘స్థానికుల సహకారంతో’ అని ఒక ముక్క ఉంది. ఆ స్థానికులంటే నేనొక్కణ్ణే.

అవమానాలు నేను మరచిపోను. బొగ్గుగని సర్వే సెక్షన్‌లో గొలుసు పట్టి ముప్పై ఏళ్లు కొలతలు తీశాను. రిటైరైన రోజు సన్మానపత్రంలో నా ఇంటిపేరు తప్పు రాసిన గుమాస్తా బజారులో ఎదురైతే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను.

పుస్తకం వేసినవాళ్లు ముగ్గురు. నది తెలిసిన మనిషి కావాలని వెతుక్కుంటూ బామ్నిలో మా ఇంటికి వచ్చారు. నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ నీటి కింద బండ ఉంది, వాలుగ చేప ఎక్కడ, కొర్రమట్ట ఎక్కడ, అంతా పటాలు గీసి తెలుగులో రాసుకున్నాను. వాళ్లకు తెలుగు చదవడం రాదు. మా బంధువుల పిల్లలకే రాదు, వాళ్లనేం అనను. నేను చదివి మరాఠీలో చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకున్నారు. పొద్దున వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. మా ఆవిడ పోయిన తర్వాత ఆ ఇంట్లో నేను అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. మూడుసార్లు టీ పెట్టాను. వెళ్లిపోతారేమోనని ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను.

నోట్‌బుక్‌లో సగం నేను చూసినది. మిగతా సగం నదికి అవతల రాజురా ఒడ్డున ఉండే ఒక బెస్త పెద్దాయన నాకు చూపించినది. పన్నెండేళ్లు ప్రతి ఆదివారం ఆయన పడవలో తిరిగాను. ముందు తెడ్డు నాది, వెనక తెడ్డు ఆయనది. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు.

వంతెనకు దిగువన నది మలుపు తిరిగే చోట ఒక మడుగు ఉంది. వానలు వెనకబట్టి నీళ్లు తేరుకోగానే ఆయన తుమ్మకంప నరికి, రాళ్లు కట్టి అందులో ముంచేవాడు. చేపలు ఆ కంపలో చేరతాయి. కంప వేసినవాడిదే ఎండాకాలం దాకా ఆ మడుగు. బోర్డు లేదు, కాగితం లేదు. రెండు ఒడ్లవాళ్లకూ తెలుసు, ఇంకొకరు అక్కడ వల విసరరు. విసిరే ముందు ఆయన తెడ్డుతో పడవ అంచు మీద మూడు దెబ్బలు కొట్టి ఆగేవాడు. ఆ తర్వాత ఇంకొకటి కొట్టేవాడు.

“ఎందుకన్నా?” అని ఒకసారి అడిగాను.

“మా నాయిన కొట్టిండు, నేను కొడుతున్న. చేపకు చెప్పి వెయ్యాలె తమ్మీ. దొంగలెక్క వేస్తమా?”

ఆ రోజు మా ఇంట్లో కూర్చున్న ముగ్గురికీ ఇది కూడా చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఆయన నాతో ఎన్నడూ అనలేదు. అనాల్సి వస్తుందని ఆయనకు తోచి ఉండదు.

పుస్తకం వచ్చాక నా పేరు కోసం రెండేళ్లు కొట్లాడాను. ఉత్తరాలు రాశాను, రిజిస్టరు పోస్టులో పంపాను, స్వయంగా వెళ్లాను. “కాకా, టెన్షన్ ఘేవూ నకా, కంగారు పడకండి, మళ్లీ వేసినప్పుడు చూద్దాం,” అని నవ్వి పంపేవారు.

పుస్తకం వచ్చిన మరుసటి చలికాలం ఒక ఆదివారం పెద్దాయన దగ్గరికి పోతే పడవకు చిల్లి పడిందన్నాడు. మరుసటి వారం ఒంట్లో బాగాలేదన్నాడు. మూడో వారం నేను వంతెన దాటేసరికే పడవ నది మధ్యలో ఉంది. ఆయన ఇటు చూసి కూడా ఆపలేదు. నాకూ పౌరుషం ఉంది. పిలిచేదాకా పోనని ఇంట్లో కూర్చున్నాను. ఆయన పిలవలేదు. ఏడాది గడిచిపోయింది. ఆదివారాలు బట్టలు ఉతుక్కుంటూ గడిపాను.

అప్పుడు ఫోను వచ్చింది. పుస్తకం మళ్లీ అచ్చవుతోందట. ఈసారి మొదటి పేజీలోనే నా పేరు వేస్తారట. పౌరుషం పక్కన పెట్టి ఆ సంగతి చెబుదామని రాజురా ఒడ్డుకు పోయాను. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

ఆయన గడ్డన కూర్చుని ఉన్నాడు. పక్కన తుమ్మకంప కుప్పగా ఎండిపోయి ఉంది. కోడలు వల బాగుచేస్తోంది.

“అన్నా, పుస్తకం మల్ల అచ్చేస్తున్నరు. ఈసారి నా పేరు పెడుతున్నరు.”

“మంచిది సాబ్,” అన్నాడు.

పన్నెండేళ్లలో ఆయన నన్ను సాబ్ అనడం అదే మొదలు.

“ఏందన్నా, గట్ల పరాయోని లెక్క పిలుస్తున్నవ్?”

కోడలు దారం పంటితో తెంపి అందుకుంది. “ఆ పుస్తకం మా ఇంట్ల ఉన్నది కాకా. రబ్బరు గాలిపడవలేసుకొని నాగపూర్ నుంచి వచ్చినోళ్లు ఇచ్చిపోయిండ్రు. ఆళ్ల గాలాలు కంపకు చిక్కుతున్నయని, గదిగో, కంపంత గడ్డకు గుంజేసిండ్రు. నలభై ఒకటో పేజీ నేనే చదివి ఇనిపించిన. తెడ్డుతోని మూడు కొట్టి ఆగాలె, ఇంకోటి కొట్టాలె అని ఉన్నకాడ, ఇగ చాలు ముయ్యి అన్నడు మా మామ.”

“పేరు లేకున్నా ఆ పేజీల మీరే కనబడ్డరు సాబ్,” అన్నాడాయన నీళ్ల వైపు చూస్తూ.

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. “మరి నన్ను ఒక్క మాట అడగొద్దా? ఏడాది నుంచి మనసుల పెట్టుకొని కూసున్నవా?”

“చెప్పేముందు మీరు నన్ను అడగాలె. చెప్పినంక నేను మిమ్ముల ఏం అడుగుదు?”

ఇంటికి రాగానే ఫోను చేసి నలభై ఒకటో పేజీ తీసేయమన్నాను. జనం ఆ పేజీ కోసమే కొంటున్నారట. నా పేరు వద్దు, పేజీ తీసేయండని బతిమాలాను. “కాకా, పేరు కోసం రెండేళ్లు మా ప్రాణం తీశారు కదా!” అని నవ్వారు.

పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో నా పేరు ఉంది. ఇంటిపేరు కూడా తప్పు లేదు. పేజీ తీయమని మళ్లీ ఉత్తరాలు మొదలుపెట్టాను. అవి ఆపను.

ఆదివారాలు బామ్ని వైపు ఒడ్డున కూర్చుంటాను. ఎర్రవి, పసుపువి గాలిపడవలు మలుపు దాకా వస్తాయి. పుస్తకం చూసుకుంటూ, నవ్వుకుంటూ తెడ్లతో మూడు కొడతారు, ఆగి ఇంకోటి కొడతారు. రబ్బరు మీద ఆ చప్పుడు మెత్తగా ఉంటుంది. వాళ్లంతా వెళ్లిపోయాక అవతలి ఒడ్డు నుంచి పెద్దాయన పడవ వస్తుంది. ముందు తెడ్డు పడవ అడుగున పడి ఉంటుంది. ఆయన లేచి నిలబడతాడు, చుట్టూ చూస్తాడు, చప్పుడు చేయకుండా వల విసురుతాడు.